మూడు కొబ్బరికాయల లినక్స్

వెంకీ ఏ పనినైనా "అరగంట" అన్నాడంటే ఇంట్లోవాళ్లు ఆ పూట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫ్యాను రెక్కలు తుడవడం అరగంట పనన్నాడు, నాలుగు రోజులు ఉక్కపోతలో పడుకున్నారు. అలాంటివాడు ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి టీ గ్లాసు కింద పెట్టి, పాత లాప్‌టాప్‌ను నడిపించే విండోస్ తీసేసి, దాని చోట ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తానని ప్రకటించాడు. అరగంటేనట.

అతని భార్య అనిత పరుగున వచ్చింది. ఆమె రోజూ భావనపాడు నుంచి నౌపడ దాకా ఆటోలో, అక్కడి నుంచి టెక్కలికి బస్సులో వెళ్లి ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. ఆ సాయంత్రం నాలుగింటికి విశాఖలోని ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీవాళ్లు ఆమె చేత నమూనా పాఠం చెప్పించుకుని చూస్తారు. నచ్చితే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. ఫోన్‌లో కుదరదు, లాప్‌టాప్ ఉండాలి, మనిషి కనిపించి తీరాలి అని ముందే రాశారు.

"బావా, నీకు దండం ఎడతాను. ఇయ్యాల దాని జోలికెల్లకు. రేపు సేసుకో, ఎల్లుండి సేసుకో."

"ఇప్పుడున్నట్టే ఒగ్గేస్తే, నువ్వు నాలుగింటికి కూకుంటే అది ఐదింటికి లేస్తాది. లినక్స్ ఎక్కిస్తే సిటికెలో లేస్తాది. పాతది కొత్తదయిపోతాది, సూడు."

వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్న అతని తల్లి లక్ష్మణమ్మ ఆ చివరి మాట పట్టుకుంది. "కొత్తదేటిరా?"

"ఈ లాప్‌టాపేనమ్మా. పనయ్యాక ఇది కొత్తదే అనుకో."

లక్ష్మణమ్మ సరేనని తలూపింది. పడవ కానీ, వల కానీ, ఫ్రిజ్జు కానీ, మిక్సీ కానీ, ఆమె చెయ్యి పడకుండా ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువూ పని మొదలుపెట్టి ఎరగదు.

ఐస్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ చూసేది వెంకీయే కాబట్టి పనిలో పద్ధతి బాగా తెలుసు. పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ తెరిచి ముందు అన్నీ పరీక్షించాడు. కెమెరాలో తన మొహం తనకే కనిపించింది. పాట మోగింది. వైఫై ఒక్కటి లేదు. అదెంతసేపు అనుకుని విండోస్‌ని తుడిచిపెట్టేశాడు. పదిన్నరకు లినక్స్ ఎక్కింది.

"అమ్మా, అయిపోనాది. కొత్తదయిపోనాది!" అని కేక పెట్టి, ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి అందించడానికి కేబుల్ కావాలని పక్కింటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి లాప్‌టాప్ పక్కన అగరొత్తి, రెండు కొబ్బరి చిప్పలు ఉన్నాయి. వెంకీ విసుక్కుంటూ వాటిని పక్కకు జరిపి పనిలో పడ్డాడు.

వైఫై పనిచేయాలంటే నెట్‌లోంచి ఏదో దించుకోవాలట. ఆ నెట్ రావాలంటే వైఫై ఉండాలి. అందుకే కేబుల్. ఆ కేబులేమో జానెడు. అనిత అన్న రమేష్‌బాబు విశాఖలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. అతనికి ఫోన్ చేసి, కేబుల్ ఊడిపోకుండా బల్ల మీదికి వంగి, చెవి ఫోన్‌కి ఆనించి, అతను చెప్పిన అక్షరాలన్నీ కొట్టేసరికి వెంకీ మెడ పట్టేసింది. కానీ పన్నెండింటికి వైఫై వచ్చింది. ఆ సంబరంలో కెమెరా తెరిచాడు.

తెర నిండా చీకటి. అంచున కాస్త ఎరుపు.

"ఎక్కించకముందు కనపడిందా?" అని రమేష్‌బాబు అడిగాడు.

"సుబ్బరంగా కనపడింది, బావా."

"అయితే ఎక్కించడంలోనే తేడా. మళ్లీ మొదటి నుంచి ఎక్కించు."

వెంకీ మళ్లీ మొదటి నుంచి, వైఫైతో సహా, ఎక్కించాడు. అయ్యాక అన్నానికి లేస్తూ, "అమ్మా, మళ్లీ కొత్తగా ఎక్కించినాను" అన్నాడు. తిని వచ్చేసరికి ఇంకో రెండు కొబ్బరి చిప్పలు. కెమెరా తెరిస్తే చీకటి ఇంకాస్త చిక్కబడింది.

అప్పుడే అనిత చీర మార్చుకుని వచ్చింది. "కెమెరా సంగతి అలాగుండనీ. నా పాఠం ఏది, బావా? ఓపాలి సూసుకుంటాను."

భిన్నాల మీద నలభై బొమ్మలతో పది రోజులు కూర్చుని చేసుకున్న పాఠం అది.

"భద్రంగా దాసినాను. పెన్ డ్రైవ్‌లో ఎట్టినాను."

"ఏ పెన్ డ్రైవ్‌లో?"

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే పెన్ డ్రైవ్. ముందు రోజు పాఠాన్ని జాగ్రత్తగా అందులోకి మార్చి, తరువాత అందులోనే లినక్స్ పోశాడు. పోసే ముందు, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని యంత్రం అడిగింది కూడా. వెంకీ సరే అని నొక్కాడు.

అనితకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నువ్వు మనిషివేనా బావా? నా పదిరోజుల కష్టం! ఇంక జన్మంతా నన్ను ఆ బస్సులోనే నిలబెట్టు!"

"కెమెరా బాగుసేసేస్తాను, పాఠం నోటితో సెప్పేద్దువు గానీ" అని వెంకీ బతిమాలాడు. పెన్ డ్రైవ్ నుంచి తెరిచి మళ్లీ చూశాడు. పొద్దున్న అదే పెన్ డ్రైవ్‌తో కనిపించిన మొహం ఇప్పుడు కనిపించలేదు. అంటే తప్పు లినక్స్‌ది కాదు, కెమెరాయే చచ్చిపోయిందని తేల్చేశాడు. మోటర్‌సైకిల్ పనిముట్ల సంచి తెచ్చి లాప్‌టాప్ వెనక మూత విప్పాడు. లోపల కెమెరా లేదు. అది పైన తెరలో ఉంటుందన్న సంగతి గుర్తొచ్చి మళ్లీ బిగించాడు. రెండు మరలు మిగిలిపోయాయి.

మొహం కడుక్కోవడానికి లేస్తుంటే, "అంతా ఇప్పేసి బిగించినావు. ఇంక కొత్తదే కదరా?" అని లక్ష్మణమ్మ అడిగింది.

"కొత్తదేనమ్మా తల్లీ, కొత్తదే! నన్నొగ్గీ!"

ఇంకో కొబ్బరికాయ ఠపీమని పగిలింది.

నాలుగు అయింది. కంపెనీ తరఫున యమున అనే ఆవిడ తెర మీదికి వచ్చింది. "నమస్తే మేడం. మీ గొంతు వినిపిస్తోంది కానీ మీరు కనిపించడం లేదు. కెమెరా పెట్టండి."

"పెట్టానండీ. వస్తుంది, ఒక్క నిమిషం" అంది అనిత. గోడ వారగా వెంకీ స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పనిముట్టును చూస్తేనే అనితకు ఒళ్లు మండుతోంది.

"ఐదు నిమిషాలు చూస్తాను మేడం. తరువాత వేరేవాళ్లు ఉన్నారు."

మూడో నిమిషంలో లక్ష్మణమ్మ పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. పరీక్షకు కూర్చున్న కోడలికి బొట్టు పెట్టాలి. పెట్టింది. చూపు లాప్‌టాప్ మీద పడింది. "ఓలమ్మ, దీని బొట్టు ఎండిపోయి పెచ్చులూడతన్నాదే. సూడండి ఎలగున్నాదో" అంటూ తడి కొంగుతో తెర పైనున్న గుండ్రటి బొట్టును గట్టిగా తుడిచింది.

తెర వెలిగింది. నిండా లక్ష్మణమ్మ మొహం.

"అమ్మా, మీరెవరు?" అని యమున ఉలిక్కిపడింది.

"నానా? అత్తని. కనపడతన్నానా అమ్మా?" అంటూనే లక్ష్మణమ్మ కొత్త బొట్టు పెట్టడానికి కుంకుమ వేలు చాచింది. అనిత ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది.

తరువాత మొగుడి వైపు తిరిగి చూసింది. ఫ్రిజ్జు మీద, మిక్సీ మీద, టీవీ మీద, తన మోటర్‌సైకిల్ మీద రోజూ బొట్లు చూసి చూసి వెంకీ కళ్లకు అవి ఆనడం ఎప్పుడో మానేశాయి. పొద్దుటి నుంచి కెమెరా కన్ను మీదున్న ఆ బొట్టుకు జానెడు కిందే చూస్తూ రెండుసార్లు లినక్స్ ఎక్కించాడు.

"మొదలుపెడతారా మేడం? నేను ఐదో తరగతి పిల్లని అనుకోండి" అంది యమున. "టీచర్, రెండు కంటే నాలుగు పెద్దది కదా. మరి సగం కంటే నాలుగో వంతు చిన్నదెలా అయింది?"

ఆ ప్రశ్నకే అనిత దగ్గర పన్నెండు బొమ్మలు ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పక్కన చూస్తే ఆరు కొబ్బరి చిప్పలు ఉన్నాయి. ఒక చిప్ప తీసి ఎత్తి చూపింది. ఇంకో చిప్పను వెంకీ చేతికిచ్చి, "రెండు ముక్కలు సెయ్యి. అరగంట కాదు, ఇప్పుడే" అంది. వెంకీ స్క్రూడ్రైవర్‌తోనే పగలగొట్టాడు.

"ఇది కాయలో సగం. ఈ ముక్క కాయలో నాలుగో వంతు. నీకు ఏది కావాలమ్మా?"

యమున నవ్వేసింది. "సగమే కావాలి టీచర్."

పాఠం అరగంట సాగింది, నిజమైన అరగంట. ఆరు చిప్పలూ ముక్కలైపోయాక యమున, "తెర మీద బొమ్మలు చూపించేవాళ్లు రోజూ వస్తారు మేడం. కొబ్బరికాయలు సిద్ధం చేసుకుని వచ్చింది మీరొక్కరే" అంది. ఉద్యోగం ఇచ్చామని, ఇకపై సొంత లాప్‌టాప్ అక్కర్లేదని, కంపెనీదే పంపుతామని కూడా చెప్పింది.

"ఈడు రోజంతా మెడలిరిగేలా కూకున్నా రానిది, నాను మూడు కాయలు కొడితే వచ్చేసినాది" అని లక్ష్మణమ్మ సాయంత్రానికి వీధంతా చెప్పింది. అందులో తప్పు ఎక్కడుందో వెంకీ చాలాసేపు వెతికాడు, దొరకలేదు.

బుధవారం కొత్త లాప్‌టాప్ వచ్చింది. లక్ష్మణమ్మ పళ్లెం పట్టుకుని వచ్చేలోపే వెంకీ దాని మూత మూసేసి, పైన సరిగ్గా మధ్యలో పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టి, బొట్టు ఇక్కడ పెట్టమని చూపించాడు. అతను ఎక్కించిన వాటిలో మొదటిసారికే పనిచేసింది ఆ సున్నా ఒక్కటే.