ఊ కొట్టిన అలివేలు

పాఠం బాగా సాగాలని కోరుకునే లెక్చరర్లు లోకంలో చాలామంది ఉన్నారు. పాఠం పాడైపోవాలని పొద్దున్నే తలస్నానం చేసి మరీ కోరుకున్నవాడు మాత్రం చివ్వెంల పరశురాములు ఒక్కడే.

దానికి కారణం ఉంది. అతను చరిత్ర చెప్పే సూర్యాపేట పీజీ కాలేజీకి కరోనా వచ్చినప్పుడు తాళం పడింది. పది నెలలైనా తీయలేదు. ఆ ఏడాది చేరిన పద్దెనిమిది మందీ ఫోన్‌లోనే చేరారు, ఫోన్‌లోనే పాఠాలు వింటున్నారు. వాళ్ళ పేర్లు తెలుసు గానీ ముఖాలు తెలియవు. డేటా అయిపోతుందని కెమెరాలు కట్టేసేవారు. సిగ్నల్ కోసం ఇంటి డాబా ఎక్కి, ఫోన్‌ను వడ్ల బస్తాలకు ఆనించి, పద్దెనిమిది నల్లటి గళ్ళకు అతను కాకతీయుల గురించి చెప్పేవాడు. "వినపడుతోందా?" అంటే ఒక్క గొంతూ పలికేది కాదు. తరగతి గది కోసం అతని ప్రాణం కొట్టుకునేది. చివరి బెంచీలో కునుకు తీసే మొద్దు ముఖాన్నైనా ఒకసారి చూడాలనిపించేది.

ఆ రోజు పది గంటలకు యూనివర్సిటీ నుంచి మహేశ్వర్ సారు అదే ఫోన్ క్లాసులోకి వచ్చి పాఠం చూడబోతున్నారు. ఆయన రాసే నివేదికను బట్టి కాలేజీ తెరుస్తారు, లేదంటే ఏడాదంతా ఇలాగే నెట్టుకొస్తారు. ఆ నల్లగళ్ళ నిశ్శబ్దం ఆయన కూడా ఒక్క గంట వింటే చాలు, తాళం దానంతటదే ఊడుతుందని పరశురాములు నమ్మకం. అందుకే వీలైనంత నీరసంగా చెప్పి ఊరుకుందామనుకున్నాడు. ఈ ఉపాయం ఇంట్లో చెప్పలేదు.

చెప్పకపోవడమే తప్పయింది. తండ్రి బీరన్న గొర్రెలను తోలుకుపోబోతూ ఆగాడు. తరాలుగా మంద దగ్గర కథలు చెప్పుకున్న ఇల్లు అది. ఊ కొట్టే మనిషి లేనిదే కథ ఎత్తకూడదని ఆ ఇంటి కట్టుబాటు.

"పెద్దసారు వస్తుండట. ఆ పిల్లలేమో ఒక్కరు పలుకరు. పిల్లగాని నౌకరికి ఏమన్నయితదేమో. నువ్వు పోయి పక్కపొంటి కూసోని ఊ కొట్టు," అన్నాడు భార్య అలివేలుతో.

"నాకేం తెలుస్తదయ్యా ఆ సదువు?"

"ఊ కొట్టనీకి సదువెందుకు, ఇంటే సాలు."

అలివేలు చెయ్యి తుడుచుకుని డాబా ఎక్కేసరికి మహేశ్వర్ సారు లైన్లోకి వచ్చేశారు. పరశురాములు నోరెత్తలేక, కిందికి వెళ్ళమని చేత్తో సైగ చేశాడు. కిందికి అంటే కింద కూర్చోమనుకుని ఆమె ఫోన్ పక్కనే, కెమెరాకు అందని చోట చతికిలబడింది.

"కాకతీయుల కాలంలో చెరువులు తవ్వించారు," అన్నాడతను నీరసంగా.

"ఊ," అంది అలివేలు.

"చెరువుకు చెరువుకు గొలుసు కట్టారు."

"ఊ. తర్వాత?"

వినే మనిషి దొరికితే చెప్పే నోరు ఊరుకోదు. పది నెలల కరువు మీద వాన పడ్డట్టయింది. పరశురాములు తన ఉపాయం మరిచిపోయి తూముల గురించి, అలుగుల గురించి, మత్తడి దూకే నీళ్ళ గురించి గంటసేపు ఒళ్ళు తెలియకుండా చెప్పాడు. అతను ఆ ఏడాదంతటిలో సంతోషంగా ఉన్నది ఆ గంటే.

"అద్భుతం. ఎవరండీ ఆ విద్యార్థిని?" అన్నారు మహేశ్వర్ సారు.

మా అమ్మ అనడానికి నోరు రాలేదు. "అలివేలు సార్. కొత్త అడ్మిషన్."

"ఇంత చక్కగా నడుస్తుంటే ఇక కాలేజీ తెరవడం ఎందుకు? మూడింటికి అన్ని కాలేజీల మీటింగ్ ఉంది. ఆ అమ్మాయితో రెండు మాటలు చెప్పిద్దాం."

మధ్యాహ్నానికి క్లాసు వాట్సాప్ గ్రూపులో కోదాడ మనీషా, "అలివేలు గారూ, నోట్స్ ఉంటే పెట్టరా అండి," అని అడిగింది. మిర్యాలగూడ సాయికుమార్, "అక్కా, నాకు గూడ," అన్నాడు. ఇన్నాళ్ళలో తనను ఒక్కమాటా అడగని పిల్లలు ఊ కొట్టినామెను అడుగుతుంటే పరశురాములుకు కడుపు మండింది.

అతను మహేశ్వర్ సారుకు ఫోన్ చేసి, "మధ్యాహ్నం పూట అలివేలుకు సిగ్నల్ ఉండదు సార్," అన్నాడు.

"ఏ ఊరు?"

"చివ్వెంల."

"మీదీ చివ్వెంలే కదా. మీ ఫోన్ తీసుకెళ్ళి ఇవ్వండి."

అబద్ధమాడేవాడు కనీసం ఊరైనా మార్చి చెప్పుకోవాలి. ఇప్పుడు నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే కాలేజీ పోతుంది. మనసు చంపుకుని పరువు వైపే మొగ్గాడు.

"అమ్మా, ఫోన్ల పాఠం మంచిగున్నదని ఒక్కమాట చెప్పు. మొఖం కనపడనియ్యకు," అని బతిమాలాడు.

మీటింగ్ మొదలైంది. పిల్లలూ చేరారు. మహేశ్వర్ సారు మురిసిపోతూ, "చెప్పమ్మా అలివేలూ, ఫోన్‌లో పాఠం ఎలా ఉంది?" అన్నారు.

"మంచిగనే ఉన్నది సారు. నేను పక్కన కూసున్న కాబట్టి మంచిగున్నది," అంది అలివేలు. "పది నెలల సంది మా కొడుకు గోడకు చెప్పుకుంటుండు. ఎదురుంగ మనిషి లేకుంటే చెప్పేటోని పానం ఎట్ల కొట్టుకుంటదో మాకెరుక. జర ఆ పిల్లలను పిలిపియ్యుండ్రి సారు."

"మీ కొడుకా? ఎవరు?"

"పరశురాములే సారు. నేనేం సదువుకోలే."

పరశురాములు బస్తాల చాటుకు జరిగాడు. అప్పుడు ఒక నల్లగడి వెలిగింది.

"మాకూ అంతేనండి. గోడ చెబుతుంటే విన్నట్టే ఉందండి," అంది కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఒక బక్కపలచని పిల్ల. మనీషా. ఆ పక్క గడిలో, రైసు మిల్లు నుంచి, జుట్టు నిండా తవుడుతో సాయికుమార్ వెలిగాడు. తర్వాత ఒకరి వెంట ఒకరు పద్దెనిమిది మందీ వచ్చారు. పరువు పోయిన సంగతే మరిచిపోయి పరశురాములు కళ్ళనిండా చూసుకున్నాడు. ఏడుపొచ్చింది. "నువ్వేనా అమ్మా మనీషా అంటే?" అని మాత్రం అడగగలిగాడు.

మహేశ్వర్ సారు కూడా ఒకప్పుడు పాఠం చెప్పినవారే. ఆ సాయంత్రమే నివేదిక పంపారు.

రెండు వారాలకు కాలేజీ తాళం తీశారు. పరశురాములు మొదటి బస్సుకే వెళ్ళి నిలబడ్డాడు. పద్దెనిమిది మందీ వచ్చారు, బెంచీకి ఒకరు చొప్పున దూరదూరంగా, కళ్ళ కింద నుంచి గడ్డం దాకా మాస్కులతో.

ఆ సెమిస్టరంతా కలిపి అతను తన విద్యార్థుల ముఖాలు నిండుగా చూసింది ఒక్కసారే, అదీ ఫోన్‌లో.