డబుల్ బర్గర్‌కు ఎనభై

అల్లుడికి ఆ పొద్దున ఉన్నది ఒకటే పని: దుకాణంలో ధరల బోర్డు మీద కేలరీల అంకెలు అంటించడం. మధ్యాహ్నం తనిఖీ అధికారి వస్తారు. బర్గర్ల దుకాణం అత్తగారిది. "తేడా వచ్చిందో, తాళాలు నా చేతిలో పెట్టి పాత ఉద్యోగం వెతుక్కుందురుగాని అల్లుడుగారూ" అని ఆవిడ మర్యాదగానే చెప్పారు.

అంకెలు అచ్చువేసి ఇచ్చిన ప్రెస్సువాడు అంటించడానికి వేరే కూలి అడిగాడు. ఆ మాత్రం దానికి మనిషెందుకని అల్లుడే స్టూలెక్కాడు. ఎత్తంటే భయం గనుక కింది వరస నుంచి మొదలుపెట్టి, ధైర్యం వచ్చిన కొద్దీ పైకి వెళ్ళాడు. ప్రెస్సువాడు అంకెల్ని పై వరస నుంచి పేర్చి ఇచ్చాడని అతనికి తట్టలేదు. దాంతో అడుగునున్న డబుల్ బర్గర్‌కు ఎనభై, పైనున్న సూపుకు తొమ్మిది వందల అరవై పడ్డాయి. కేలరీల లెక్కలు ఎప్పుడూ పట్టించుకోని అల్లుడు వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు.

ముందుగా వ్యాయామశాల టీచరమ్మ వచ్చింది.

"డబుల్ బర్గర్‌కి ఎనభయ్యేనా? నిజంగా?"

"బోర్డు మీద రాసి ఉంది కదండీ!"

ఆవిడ రెండు తిని, శిష్యులందరికీ ఫోన్లు చేసింది. ఆ వెనకే ఒక బస్సు డ్రైవరు తల పైకెత్తి బోర్డంతా చదివాడు. "అన్నిట్లోకీ చవక సూపు. బలం చూస్తే అన్నిటికంటే ఎక్కువ. ఇన్నాళ్ళూ తెలీలేదే!" అన్నాడు. గంటలో డిపో సగం సూపు వరసలో నిలబడింది.

పన్నెండింటికి డ్రైవరు మళ్ళీ వచ్చాడు. "మూడు గిన్నెలు తాగాను బాబూ. అంత బలం లోపలికెళ్తే ఈ ఆకలేంటి?"

"అరగడానికి టైమివ్వాలి కదన్నా!" అన్నాడే గాని, అల్లుడికి అనుమానం పుట్టింది. ప్రెస్సు కాగితం తీసి బోర్డుతో పోల్చి చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంత జనాన్ని నేనెప్పుడూ చూళ్ళేదు అల్లుడుగారూ!" అని అత్తగారు గల్లా దగ్గర పొంగిపోతున్నారు. నోరు మూసుకుంటే దుకాణం దక్కుతుందేమో. కానీ మూలన ఒక భారీ పెద్దమనిషి మూడో డబుల్ బర్గర్ ఎత్తడం చూసి అతని మనసొప్పలేదు.

"ఆపండి సార్! అది ఎనభై కాదు, తొమ్మిది వందల అరవై. తప్పు నాదే."

ఆయన కొరకబోయి ఆగారు. చెయ్యి తుడుచుకుని, జేబులోంచి కార్డు తీసి చూపించారు. తనిఖీ అధికారి!

"పదకొండింటికే వచ్చాను. బోర్డు చూశాక ఆగలేకపోయాను" అన్నారాయన దిగులుగా. "డాక్టరు బరువు తగ్గమన్నాడు. నేనేం తింటున్నానో మా ఆవిడ రోజూ రాసుకుంటుంది."

"నా మీద రిపోర్టు రాస్తారా సార్?"

"రాస్తే, తప్పెలా బయటపడిందో కూడా రాయాలి కదయ్యా. ఎక్కు, స్టూలు నేను పట్టుకుంటా."

అంకెలు సర్దుకున్నాయి. సూపు తాగినవాళ్ళకి అత్తగారు గొణుక్కుంటూనే తలా ఒక బన్ను పంచారు. తాళాలు మాత్రం అడగలేదు.

అధికారి వెళ్తూ వెళ్తూ ఒక సలాడ్ పొట్లం కట్టించుకున్నారు, ఇంట్లో చూపించడానికి.