ముందు గీత, తర్వాత కొలత

రసాయన చర్య వేగాన్ని సరిగ్గా తేల్చాలంటే ముందుగా మానుకోవలసిన పని కొలవడం! ఈ మాటకు మొహం చిట్లించే పాఠకులు గ్రేటర్ నోయిడాలోని ఒకానొక ఫార్మసీ కాలేజీ సంగతి వినాలి.

అక్కడి ప్రయోగం తేలికైనదే. కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టి, దానిపై ఫ్లాస్కు ఉంచి, హైపో అనే ఉప్పు ద్రావణంలో ఆమ్లం పోస్తారు. గంధకం పుట్టి ద్రావణం పాలలా తెల్లబడుతుంది. పైనుంచి చూస్తే గుర్తు కనబడకుండా పోవడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం లెక్కగడతారు. ఇందులో ఫ్లాస్కూ ఆమ్లమూ అనవసరమని సీనియర్లు ఏనాడో కనిపెట్టారు. ముందు స్కేలుతో గ్రాఫు మీద చక్కని గీత గీస్తారు. దాని మీద చుక్కలు పెడతారు. చుక్కల్లోంచి రీడింగులు రాబడతారు.

ఎన్ని లాభాలో గమనించారా? ఆమ్లం ఖర్చు లేదు. అసలే ఢిల్లీ గాలి పీల్చే పిల్లలకు గంధకం వాసన అదనంగా పీల్చే బాధ లేదు. పైగా కులమతాలకు అతీతంగా క్లాసంతటికీ ఒకే జవాబు. జాతీయ సమైక్యత అంటే మరేమిటి?

నలుగురితో నారాయణా అనకుండా దీనికి అడ్డుపడింది సునంద. ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండే శేషగిరిగారి అమ్మాయి. జనవరిలో, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, ఆ పిల్ల నిజంగానే ఆమ్లం పోసింది! ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి కూర్చుంది. మాన్యువల్ చెప్పిన సమయం దాటిపోయింది. గుర్తు నిక్షేపంలా కనబడుతూనే ఉంది. పక్క బెంచీవాళ్ళు రికార్డులు ముగించి, సమోసాలు తిని వచ్చారు. రసాయనాలు కూడా రజాయి కప్పుకుని పడుకున్నట్టున్నాయి. చివరికి ఆమె గీత అందరి గీత కన్నా బాగా కిందికి వాలింది.

ల్యాబ్ చూసే భరద్వాజ్ సర్ మనవారే, బందరు మనిషి. మంకీ క్యాప్ సవరించుకుంటూ గ్రాఫు చూశారు.

"ఏంటమ్మా ఇది? రియాక్షన్ ఇంత స్లోగా వచ్చిందేం?"

"చలికి సర్. థర్మామీటర్ ఎనిమిది చూపిస్తోంది."

"మిగతావాళ్ళందరికీ ఇరవై ఏడు వచ్చిందిగా? వాళ్ళూ ఈ గదిలోనే ఉన్నారుగా?"

ఆ తర్కానికి తిరుగేముంది? అందరూ దించుకున్న సీనియర్ల రీడింగులు ఆగస్టు నెలవని గుర్తుచేయడం మర్యాద కాదు.

"రిపీట్ అని రాసేస్తే ప్లేస్‌మెంటుకి కూర్చోనివ్వరు తల్లీ. ఆలోచించుకో," అన్నారాయన నిజమైన జాలితో.

సునందకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొత్త గీత గీసింది. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, గది ఉష్ణోగ్రత ఇరవై ఏడు అని రాసింది. నూటికి నూరు మార్కులు పడ్డాయి.

నేర్చిన విద్య ఊరికే పోతుందా? ఘాజియాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఆమెను పిలిచి ఉద్యోగం ఇచ్చింది. మాత్రలను నెలల తరబడి వేడి చేంబర్‌లో ఉంచి, వాటిలోని మందు ఎంత వేగంగా పాడవుతోందో కొలిచి, ఎక్స్‌పైరీ తేదీ తేల్చడం పని. చేంబరేమో ఎప్పటినుంచో చెడిపోయి ఉంది. మేనేజరు పాత బ్యాచ్ గ్రాఫు ఆమె చేతిలో పెట్టి, "సమఝ్‌దార్ హో, దేఖ్ లో," అన్నాడు, తెలివైనదానివి, నువ్వే చూసుకో అన్నట్టు. ఆమె చూసుకుంది. ఈసారి ఏడుపు కూడా రాలేదు.

ఒక ఆదివారం ఇంటికి వెళ్తే, శేషగిరిగారు బీపీ మాత్రల అట్టను కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు.

"మీ కంపెనీవేనే. ఇంకా రెండేళ్ళు టైముందిట. కొలవకుండా వేస్తారా మరి," అని మురిసిపోతూ మాత్ర నోట్లో వేసుకోబోయారు.

సునంద ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

మీ చెయ్యి పట్టుకునేవారు ఎవరూ లేరు కనుక, పాఠకులారా, మీరు నిశ్చింతగా మింగండి.