పసుపు పడని పొద్దుతిరుగుడు పువ్వు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు తప్పంటే ప్రాణం. నేను చేసిన తప్పు కాదు లెండి, అచ్చు యంత్రం చేసింది!

ఉద్యోగం చూస్తే మందు సీసాల లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో తనిఖీ. అక్షరం వెంట్రుకవాసి పక్కకు జరిగినా కట్టంతా చింపించేస్తారు. సాయంత్రం ఇంటికొచ్చాక అదే మనిషి, బొమ్మ తలకిందులుగా అచ్చయిన స్టాంపును చిన్న పట్టకారుతో పట్టుకుని, పొత్తిళ్ళలో పసిపాపను చూసినట్టు చూసుకుంటారు.

దీన్ని పిచ్చి అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అచ్చుతప్పు పడ్డ తపాలా బిళ్ళ సంసారానికి వరమని నా నిశ్చితాభిప్రాయం. ఎలాగంటారా?

బంగారం కొంటే పెట్టుకోవాలనిపిస్తుంది, పెట్టుకుంటే పోతుందని బెంగ. స్థలం కొంటే మనకన్నా ముందు ఎవడో కంచె వేస్తాడు. అదే స్టాంపు? దొంగ వచ్చినా దాన్ని పక్కకు తోసి టీవీ పట్టుకుపోతాడు! పైగా ఇంటికి ఎంత క్రమశిక్షణ! ఆల్బం తెరిచి ఉన్నంతసేపూ ఫ్యాన్ వెయ్యకూడదు. తుమ్మొస్తే వరండాలోకి పరుగెత్తాలి. ఆవిరి తగులుతుంది గనక కుక్కర్ ఎక్కించడానికి ముందస్తు అనుమతి కావాలి. ఏ యోగా క్లాసులో నేర్పుతారండీ ఇంత ఊపిరి బిగపట్టడం?

ఇక పెట్టుబడి సంగతి. మా వంటింటి సింకు కింద పైపు కారుతుంది. దాని కింద బకెట్. నిండితే పారబోస్తాను, మళ్ళీ పెడతాను. పైపుతోపాటు వంటిల్లంతా బాగుచేయించుకోవాలని ఇద్దరం కలిసి బ్యాంకులో డిపాజిట్ వేశాం. దాని గడువు తీరిన రోజు ఆయన బ్యాంకుకు వెళ్ళి, ఒక స్టాంపుతో తిరిగొచ్చారు.

"పొద్దుతిరుగుడు పువ్వు! పసుపు రంగే పడలేదు. రేకులు తెల్లగా ఉన్నాయి చూడు. ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదని అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు."

మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "అయ్యో, రంగు చాల్లేదేమోరా పాపం. తగ్గించి ఇచ్చాడా?"

"అమ్మా! తప్పు పడింది గనకే రేటెక్కువ!"

"అలాగని ముందే తెలిస్తే నీ లెక్కల పేపర్లు దాచి ఉండేదాన్ని కదరా" అన్నారావిడ.

"మరి సింకు?" అన్నాను నేను.

"కొన్నేళ్ళు ఓపిక పట్టు. దీన్ని అమ్మితే పది సింకులొస్తాయి."

నాకు పది సింకులెందుకు? కారనిది ఒక్కటి చాలు. అయినా బకెట్లు పారబోసేవాళ్ళకు పెట్టుబడి సూక్ష్మాలు ఎక్కడ తెలిసి చస్తాయి!

ఒక్కటే నా మనసులో గుచ్చుకుంది. వంటింటి కిటికీ తెర మీద ఒకప్పుడు పసుపు పూలుండేవి. ఎండ తగిలిన వైపు అవి వెలిసి తెల్లబడ్డాయి. పక్కనున్న ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఆయన దగ్గర అదే పొద్దుతిరుగుడు స్టాంపులు, పసుపు చక్కగా పడ్డ మామూలువి, ఒక కవరు నిండా పడి ఉన్నాయి. ఒకటి అడిగాను.

"నీకెందుకు?"

"ముచ్చటగా ఉంది, చూసుకుంటాను."

భార్యకు తన అభిరుచి అంటుకుందని ఆయన పొంగిపోయారు. నేను దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ఎండకు ఎదురుగా నిలబెట్టాను. ఎండాకాలమంతా గిన్నెలు తోముకుంటూ, రోజూ దాని ముఖం చూసుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, టీతోపాటు ఆ స్టాంపును సాసర్లో పెట్టి అందించాను. "చూడండి, దీనికీ పసుపు పడలేదు పాపం."

ఆయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు! టేబుల్ లైటు వెలిగింది. భూతద్దం వచ్చింది. రెండు పువ్వుల్నీ పక్కపక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, రేకు రేకూ తనిఖీ చేశారు. "అసలైనదే! రవ్వంత సందేహం లేదు! ఎవరమ్మారు నీకు?"

"మీరిచ్చిందేనండీ. కిటికీలో పెట్టాను. మిగతా పనంతా ఎండ చేసింది."

ఆయన ముఖంలో కూడా రంగు దిగిపోయింది. ముందు అమ్మినవాణ్ణి తిట్టారు. తర్వాత సిరా తయారుచేసినవాణ్ణి. తర్వాత సూర్యుణ్ణి. చివరికి, "అసలు వంటింటి కిటికీ అటువైపు పెట్టమన్నదెవరు?" అని ఇల్లు కట్టిన మేస్త్రీ మీదకు వెళ్ళారు.

పాఠకులారా, నా వాదన నేను వెనక్కి తీసుకోను. తప్పు వరమే! కానీ అచ్చు యంత్రాన్ని చూడండి. తాను చేసిన తప్పును దాచుకోదు, నలుగురి చేతుల్లో పెట్టేస్తుంది. ఆ తప్పుకు విలువ అందుకే. మనుషులే తమ తప్పు కింద ఇంకొకరి పేరు అచ్చువేస్తారు. పెళ్ళయిన నాటినుంచీ నేను కళ్ళలో వత్తులు వేసుకుని వెతుకుతున్న అరుదైన సరుకు వేరే ఉంది. అది ఏ ఆల్బంలోనూ దొరకదు.

ఆయన భూతద్దం కింద పెట్టి, గోడవైపు తిరిగి ఏదో గొణిగారు.

మా అత్తగారివి పాముచెవులు. పక్కింట్లో గుసగుసలాడుకున్నా ఇక్కణ్ణుంచే వినేస్తారు. ఆ రోజు మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఏంట్రా? వినపళ్ళేదు."

"తప్పు నాదే అన్నానమ్మా."

"నాకు చెప్తావేంట్రా? ఇటు తిరిగి దానికి చెప్పు."

ఆయన ఇటు తిరిగారు.

"నాదే తప్పు. నిన్నొక్క మాట అడక్కుండా కొనడం ఇంకా పెద్ద తప్పు."