మ్యూట్‌లో మహాప్రేమ

నవల చదవనివాడికే ఆ నవల మీద తీసిన టీవీ సీరియల్ గురించి మాట్లాడే అర్హత ఉంది! చదివినవాళ్లు ఏం మాట్లాడతారు? కళ్లొత్తుకుంటూ కూర్చుంటారు, అంతే.

మాకా ఇబ్బంది లేదు. అరవై ఏళ్ల నాటి ఆ ప్రేమ నవలను పది భాగాల సీరియల్‌గా తీశారని తెలిసిన గంటలోనే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. హీరో స్టేషన్ మాస్టరు, హీరోయిన్ రోజూ అక్కడ రైలెక్కే టీచరు. ఇంతకు మించి మాలో ఎవరికీ కథ తెలియదు. తెలియాల్సిన అవసరమేముంది?

మూడో అంతస్తు డెంటిస్టు మొదటి భాగానికే తేల్చేశాడు, ఆ కాలంలో అంత వరస పళ్లు అసంభవమని. రిటైర్డ్ హెడ్మాస్టారు నవల్లో హీరో ఇంకా పొడుగని వాదించారు. "చదివారా మాస్టారూ?" అంటే "అట్ట చూశాను" అన్నారు. ఆధారమంటే అదీ!

మా బావమరిదైతే ఎపిసోడ్ మొదలవడానికి పది నిమిషాల ముందే రివ్యూ పెట్టేస్తాడు. చూశాక రాస్తే పక్షపాతం వస్తుందట. ఇక నేను, "మనసులో మాట చెప్పడానికి ఇన్ని భాగాలు నానుస్తాడేం, ఒక్క మెసేజ్ కొట్టొచ్చుగా!" అని రాసి అరవై రెండు లైకులు కొట్టేశాను. సాహిత్య సేవ ఊరికే జరుగుతుందా?

ఇన్ని అభిప్రాయాలు వినాలంటే ఇల్లు ప్రశాంతంగా ఉండాలి కదా. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. సీరియల్ మొదలవగానే టీవీ మ్యూట్ చేసేస్తాం. గ్రూపులో వచ్చినవన్నీ బావమరిది పైకి చదువుతాడు. బొమ్మ ఎలాగూ కనిపిస్తూనే ఉంటుంది. ఇంకేం లోటు?

మా ఆవిడకి మాత్రం లోటేనట. ఆవిడ ఆ నవలని పంతొమ్మిదో ఏట చదివింది, ఆ తర్వాత ఎన్నిసార్లు చదివిందో తనకే తెలియదు. ఆస్పత్రిలో నర్సు. తోటి నర్సుని బతిమాలి, తన రెండు ఆదివారాలు ఆమెకి ఇచ్చేసి, చివరి భాగం రోజు డ్యూటీ మార్చుకుని వచ్చింది.

"ఏమండీ, ఈ ఒక్కరోజు సౌండ్ ఉంచండి. చివర్లో ప్లాట్‌ఫారం మీద ఆయన ఆవిడతో ఒక మాటంటాడు. అది ఎవరి నోటైనా ఒక్కసారి వినాలని ఉంది."

సరేనన్నాను. నేనేమన్నా రాక్షసుణ్ణా?

ప్లాట్‌ఫారం వచ్చింది. రైలొచ్చింది. హీరో టోపీ తీశాడు. సరిగ్గా అప్పుడే డెంటిస్టు గ్రూపులో నా మీద విరుచుకుపడ్డాడు! బావమరిది చదువుతుంటే నాకు వినపడొద్దూ? అలవాటుకొద్దీ చెయ్యి రిమోట్ మీద పడింది. హీరో పెదాలు కదిలాయి. హీరోయిన్ ఏడ్చింది. పేర్లు పడ్డాయి.

మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ముందుగా "క్లైమాక్స్‌లో ఫీల్ లేదు" అని పోస్టు పెట్టాను. పెట్టానే గానీ మనసు పీకుతూనే ఉంది. తప్పు చేశానని తెలుస్తూనే ఉంది. అలమరాలోంచి నవల తీసి చివరి పేజీలు తిరగేశాను. ఒక వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. ఓస్, ఇంత చిన్న మాటా! వంటింటి గుమ్మంలో నిలబడి పైకి చదివాను.

"మీరు చెప్పండి. నేను వింటాను."

ఆవిడ గిన్నె కడగడం ఆపి నా వైపు తిరిగింది.

"చదువుతున్నారా? అంటున్నారా?"

ఇంతలో హాల్లోంచి బావమరిది కేకేశాడు. "బావా! డెంటిస్టు నీకు మళ్లీ జవాబిచ్చాడు!"

వెళ్లాను. వెళ్లక ఏం చెయ్యను, మీరే చెప్పండి! అడిగినదానికి జవాబివ్వకపోతే ఆ డెంటిస్టు ఏమనుకుంటాడు?