ముప్పై మంది పిల్లలు కావలెను

ఆదివారం పొద్దున్న భాస్కరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆ హిందీ ఊళ్ళో తెలుగువాళ్ళుండే రైల్వే కాలనీలో ముప్పై తలుపులు కొట్టాలి, ముప్పై మంది పిల్లల పేర్లు రాసుకుని పెద్దల చేత సంతకాలు పెట్టించుకోవాలి, సాయంత్రం ఆ పిల్లలకు పరీక్ష పెట్టాలి. ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. బడి పిల్లలకు కంప్యూటర్ ఎలా నేర్పాలన్న విషయం మీద ఆరేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఈ ఆరేళ్ళలో ఒక్క పిల్లవాడితోనూ మాట్లాడిన పాపాన పోలేదు. సోమవారంలోగా ఫలితాలు పంపకపోతే రిజిస్ట్రేషన్ రద్దని యూనివర్సిటీ ఉత్తరం రాసింది. పేరు ముందు 'డాక్టర్' లేకుండానే పోతానేమోనని ఆయనకు నిజంగానే దిగులు పట్టుకుంది.

"మాస్టారినని చెప్పండి చాలు, కూర్చోబెట్టి టీ ఇస్తారు," అంది భార్య కోమల.

"పరిశోధకుణ్ణి పట్టుకుని మాస్టారంటావేమిటి?" అని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్లబూట్లు తొడిగి, మెడలో కార్డు, చంకలో ఫైలుతో తెలిపారాలోని ఇంటి నుంచి బయల్దేరాడు.

సెలవురోజు ఆ వేషంలో రైల్వే కాలనీకి వచ్చేవాడు ఒక్కడే, క్వార్టర్లు తనిఖీ చేసే అధికారి. వెనకగది అద్దెకిచ్చారని తేలితే క్వార్టరే ఊడిపోతుంది. ఇవ్వనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ సంగతి పాలవాడికి కూడా తెలుసు. ఆరేళ్ళు పరిశోధించినవాడికి తెలియదు.

మొదటి తలుపు లోకో షెడ్డులో పనిచేసే అప్పలస్వామిది. ఆయన భార్య అప్పయమ్మ తీసింది. భాస్కరరావు నమస్కారమైనా పెట్టకుండా ఫారం చదివాడు. "ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు? ఎన్ని గదులు? ఏ గదిలో ఎవరు?"

కంప్యూటర్‌కు చోటుందో లేదో తెలుసుకోవాలని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశం మాత్రం ఫారంలో రాయలేదు. వెనకగదిలో అద్దెకున్న రాంప్రసాద్ కుటుంబం అప్పుడే పరాఠాలు కాల్చుకుంటోంది. ఒక్క పేరు చెప్పినా మిగతా లెక్కంతా లాగుతాడని అప్పయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మావిద్దరవే బావూ."

"పిల్లలు?"

"పిల్లలేటి? నేరు."

"మరి ఆ పాప?" తలుపు చాటున జామకాయ కొరుకుతున్న పదకొండేళ్ళ మనవరాలు ప్రత్యూషను చూపించాడు.

"ఏ పాప?" అంది అప్పయమ్మ, వెనక్కి తిరిగి చూడకుండానే. "ఇంతకీ ఏ ఆఫీసు నుంచొచ్చారు బావూ?"

మాస్టారినని ఇప్పుడన్నా సరిపోయేది. "పైనుంచి. ఇక్కడ చూసిందంతా రిపోర్టులో పైకి వెళ్తుంది," అన్నాడు మహానుభావుడు.

రెండో ఇంట్లో పిల్లలు పక్కఊరు గతౌరాలో మేనత్త దగ్గరికి వెళ్ళిపోయారట. మూడో ఇంటికి బయట తాళం, లోపల కుక్కరు కూత. నాలుగో ఇంటి వరండాలో మూడు చిన్న సైకిళ్ళున్నాయి. అవి తానే తొక్కుతానన్నాడు ఆ ఇంటి బట్టతల రైలు గార్డు. పదకొండింటికి రాంప్రసాద్ మంచం, కూలరు, ఇద్దరు పిల్లలతో ఆటోలో ఊరి చివరి మోప్కా దారి పట్టాడు. భాస్కరరావు పక్కకు తప్పుకుని ఆ ఆటోకు దారి కూడా ఇచ్చాడు.

మధ్యాహ్నానికి యూనియన్ కార్యదర్శి జయప్రకాష్ పాతికమందిని వెంటేసుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. "ఇదిగో సాబ్, సంతకాలడిగారంట కదా. ముప్పై రెండున్నాయి, లెక్కెట్టుకోండి."

భాస్కరరావు ఆశగా అందుకున్నాడు. 'మా క్వార్టర్లలో ఉద్యోగి, భార్య తప్ప మరెవరూ లేరు. పిల్లలు అసలే లేరు' అని ఉంది. అక్కడే మెట్టు మీద కూలబడి భోరుమన్నాడు.

"బాబ్బాబు, నేను రైల్వే మనిషిని కాదు. కంప్యూటర్ మాస్టారిని. పిల్లలు దొరక్కపోతే నా పీహెచ్‌డీ పోతుంది!"

"అచ్ఛా, మాస్టారివా! ఓరి నీ ఇల్లు బంగారం గానూ, ఆ ముక్క పొద్దున్నే సెప్తే ఏటి పోయింది?" అన్నాడు జయప్రకాష్.

నాలుగు గంటలకల్లా కాలనీ హాల్లో ముప్పై తొమ్మిది మంది పిల్లలు పోగయ్యారు. రాంప్రసాద్ మంచంతో సహా వెనక్కొచ్చాడు. లేని మనవరాలికి అప్పయమ్మ స్వయంగా జడ వేసి ముందు వరసలో కూర్చోబెట్టింది.

"ఇంతమందీ గంటలో ఎలా మాయమయ్యారు?" ఉండబట్టలేక అడిగాడు భాస్కరరావు.

ప్రత్యూష తాతయ్య ఫోన్ తెచ్చి చూపించింది. గళ్ళ నిండా ఇంటి నంబర్లు, రంగులు. "హమ్నే ఖుద్ బనాయా అంకుల్, అంతా మేమే చేశాం. మీరు వెళ్ళిన ఇల్లు ఎరుపు, వెళ్ళబోయేది పసుపు. ప్రతి మూలా ఒకరుంటారు, వాళ్ళ ఫోన్లోంచి వాళ్ళే రంగు మారుస్తారు. మీరు కుడివైపు తిరిగితే ఆ లైనుకి తాళాలు. ఎడమవైపైతే ఆటో."

"ఈ నీలం ఏమిటి?"

"మీరు కొట్టు దగ్గర చాయ్ తాగుతున్నారని. అప్పుడు కాపలావాళ్ళందరికీ ఛుట్టీ."

"ఎవరు నేర్పారు?"

"ఎవ్వరూ నేర్పలేదు."

"అదే కనబడుతోంది. ఫోన్లో ఆటలు కట్టిపెట్టి పరీక్ష రాయి," అని ప్రశ్నపత్రం చేతిలో పెట్టాడు. మౌస్‌ను ఏ సంవత్సరంలో కనిపెట్టారు, కీబోర్డుకు ఎన్ని మీటలు, ఇలాంటివి ఇరవై. పిల్లలు పెన్నులు నములుతూ కూర్చున్నారు. 'ఈ కాలనీ పిల్లలకు కంప్యూటర్ తరహా ఆలోచన బొత్తిగా లేదు' అని ఆయన ఆ రాత్రే తీర్మానించి, సోమవారం పొద్దున్నే పంపేశాడు.

ప్రత్యూషకు ఇరవైకి రెండు వచ్చాయి, భాస్కరరావుకు డాక్టరేట్ వచ్చింది.