కొండపిడుగుకి జరిగిన అన్యాయం

నర్సుకి జబ్బు గురించి అబద్ధం చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమేనని నాకు తెలియక కాదు. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం నాకు ఇల్లు ఖాళీగా కావాలి, అంతే.

"ఏమోయ్, మీ అక్క ఫోన్ చేసింది. తనకి ఒంట్లో బాగోలేదట," అన్నాను, నా చొక్కా గుండీలతో మాట్లాడుతున్నట్టు.

మా ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. "ఏమిటట?" అంది.

"నీరసం, జ్వరం, కాలు నొప్పి, కళ్ళు తిరగడం, చెవిపోటు..."

"ఇవన్నీ అక్కయ్యకేనా, వార్డు మొత్తానికా?" అంటూనే బీపీ మిషను సంచిలో వేసుకుని వెళ్ళింది.

ఇంతకీ సంగతేమిటంటే, 'అష్టదళం' అని ఒక సినిమా ఉంది. ఎనిమిది మంది వీరులు కలిసి లోకాన్ని కాపాడతారు. వాళ్ళలో కొండపిడుగు అంటే నాకు ప్రాణం. మొదటి భాగంలో ఒంటిచేత్తో కొండనెత్తాడు. నేను లిఫ్టు మెకానిక్కుని కదా, ఎత్తడంలో ఉన్న కష్టం నాకు తెలుసు.

అలాంటివాడు, కిందటి వారం వచ్చిన రెండో భాగంలో ఏం చేశాడో తెలుసా? మిగతా ఏడుగురి పెట్టెలు మోశాడు!

మా అభిమాన సంఘం అట్టుడికిపోయింది. సంఘమంటే మేం నలుగురం. ముద్దుపేర్లతో చెప్పాలంటే, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే భూతద్దం, బ్యాంకు గుమాస్తా నిట్టూర్పు, బేకరీ బన్ను, నేను. సినిమా తీసినవాళ్ళకి నిరసన లేఖ రాయాలనీ, అదే రోజు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలనీ తీర్మానించాం. లేఖ నేను రాశాను. ఏడు పేజీలు. అది చదివి ముగ్గురినీ ఏడిపించి, కన్నీళ్ళు ఆరకముందే ఓట్లు దండుకోవాలని నా పథకం.

మరి ఆవిణ్ణి ఎందుకు పంపానంటారా? నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, కొండపిడుగు కోసం గద్గదంగా చదువుతుంటే ఆవిడ ఒక్క చూపు చూసిందంటే, నా గొంతు కరెంటు పోయిన లిఫ్టులా మధ్యలో ఆగిపోతుంది.

మూడో పేజీకి వచ్చేసరికి బన్ను ముక్కు చీదుతున్నాడు. నిట్టూర్పు వదిలే నిట్టూర్పులకి కిటికీ తెరలు ఊగుతున్నాయి. అధ్యక్ష పదవి గుమ్మం దాకా వచ్చేసిందనుకున్నాను.

గుమ్మం దాకా వచ్చింది మా ఆవిడ.

"అక్కయ్య పరిస్థితి ఏం బాగోలేదండీ," అంది గంభీరంగా.

నాకు నిజంగానే గుండె జారింది. "ఏమైంది?"

"షటిల్ ఆడుతోంది. వరసగా రెండు గేములు ఓడిపోయింది." సంచి దించి, అందరికీ నమస్కారం పెట్టి, నా చేతిలోని ఏడు పేజీలూ తీసుకుంది. నిలబడే చదివేసింది. నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మీ కొండపిడుగుకి ఏం అన్యాయం జరగలేదే," అంది.

గదిలో బాంబు పడ్డట్టయింది. బన్ను సగం చీదిన ముక్కుతో ఆగిపోయాడు.

"నీకేం తెలుసు? నాతో సినిమాకొచ్చి, మొదటి పాటకే నిద్రపోయావుగా!" అన్నాను.

"వార్డులోనూ అలాగే కళ్ళు మూసుకుని కూర్చుంటాను. ఎవరి సెలైన్ అయిపోయిందో తెలియకుండా పోతుందా?"

తన సంచిలోంచి ఒక డ్యూటీ చార్టు తీసి, వెనక్కి తిప్పి, గళ్ళు గీసింది. ఎనిమిది మంది పేర్లు కిందికి, సన్నివేశాలు అడ్డంగా. ఎవరు ఎక్కడున్నారు, ఉన్నచోట పని ఉందా లేదా... కలం ఆగకుండా నింపుకుంటూ పోతోంది. నేను మూడుసార్లు చూశానా సినిమా, నాకు సగం గుర్తులేదు! భూతద్దం, జీవితమంతా వెతికిన అచ్చుతప్పు దొరికినట్టు ముందుకి వంగాడు.

"మీవాడు పెట్టెలు మోశాడు, నిజమే. కానీ వంతెన కూలినప్పుడు పట్టుకున్నాడు, చివర్లో గోడ పడగొట్టాడు. మూడు చోట్ల పని ఉంది. ఈ వరస చూడండి."

చూశాం. 'ఊరట' పేరుకి ఎదురుగా. పదకొండు సన్నివేశాల్లో హాజరు. పని గడులు పదకొండూ ఖాళీ.

ఊరటంటే ఆ ఎనిమిది మందిలో గాయాలు మాన్పే అమ్మాయి. నిజం చెప్పొద్దూ, మా ఏడు పేజీల్లో ఆ పేరే లేదు.

"మొదటి భాగంలో ఏడుగురినీ చావు నుంచి లాక్కొచ్చింది. ఇందులో ఆమెని మంచం పక్కన నిలబెట్టి ఏడిపించారు. ఏడవడానికి ఎవరైనా డ్యూటీ వేస్తారా?"

ఆ ఖాళీ గడుల మీద కలంతో తట్టింది.

"యుద్ధంలో అందరికీ ఒళ్ళంతా రక్తం. తెల్లారేసరికి ఒక్క గీత లేకుండా నవ్వుతూ టిఫిన్ చేస్తున్నారు. ఆ మధ్యలో ఆ గాయాలు కడిగిందెవరు? కట్టిందెవరు? రాత్రంతా మేలుకున్నదెవరు? పని జరిగిందండీ. చూపించడం మరిచిపోయారు, అంతే." కలానికి మూత పెట్టి, మెల్లగా అంది, "మీరూ అడగడం మరిచిపోయారు."

ఇరవై రెండేళ్ళుగా నైట్ డ్యూటీ చేసొచ్చి, కళ్ళ కింద నలుపుతో నాకు కాఫీ అందించే మనిషి. రాత్రి ఏం జరిగిందని నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళే ఎక్కువ. ఆ గళ్ళ కాగితం ముందు నా ఏడు పేజీలు చిత్తుకాగితాలైపోయాయి. సముద్రాన్ని పక్కనే పెట్టుకుని, బకెట్టు నీళ్ళ గురించి ఉపన్యాసం ఇచ్చినవాణ్ణయ్యాను.

నిట్టూర్పు ఆ పూట మొదటిసారి ఊపిరి బిగబట్టాడు. భూతద్దం కళ్ళజోడు తుడుచుకుని, "అమ్మా, ఇందులో దిద్దడానికేం లేదు," అన్నాడు. అతని నోట ఆ మాట మేమెవ్వరం ఎన్నడూ వినలేదు.

"పంపితే ఇదే పంపాలి," అన్నాడు బన్ను. నా వైపు తిరిగి, "అన్నా, ఇంట్లో ఇంత మనిషిని పెట్టుకుని, మేం వస్తున్నామని బయటికి పంపించేస్తావా?"

నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. పాలు పొంగిపోయాయి.

ట్రే పట్టుకుని వచ్చేసరికి అధ్యక్ష ఎన్నిక మొదలైపోయింది. "నాకెందుకయ్యా ఈ గోల!" అని ఆవిడ అంటూనే ఉంది.

"కొండపిడుగు పక్షాన నిలబడ్డ అన్నకి ఓటేసేదెవరు?" అని అడిగాడు భూతద్దం.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఆవిడకి?"

మూడు చేతులు లేచాయి. ఇంతలో ఫెళ్ళుమని చప్పుడు. ట్రే, ఐదు కప్పులు, టీ... అన్నీ నేల మీద. నాలుగో ఓటు నాదే, రెండు చేతులూ ఎత్తేశాను.